ఒకే బోర్డు, రెండు రకాల ర్యామ్: ఇచ్చేముందు, బిగించేముందు



గత వార్షిక సమావేశం ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు: "మాస్టారూ, ర్యామ్ కావాలన్నారు, కొని పంపించాం. అయినా ఆ తర్వాత రెండు వారాలు కంప్యూటర్లన్నీ ఎందుకు ఆగిపోయాయి?" ఆయన మాటలో కోపం లేదు. తానిచ్చిన వస్తువు ఏమైందో తెలుసుకోవాలన్న ఆరాటమే ఉంది. ఆ అడిగే హక్కు ఆయనకుంది. ఆ రోజు హడావిడిలో మేం చెప్పిన జవాబు మాకే తృప్తినివ్వలేదు. అందుకే ఈ సంచికలో ఆ సంగతంతా వివరంగా రాస్తున్నాం. ఇందులో మా తప్పు కూడా ఉంది. దాన్ని దాచడం లేదు.

జరిగింది ఇది

మూడేళ్ల కిందట ఒక దాత తన ఆఫీసులో కొత్త కంప్యూటర్లు పెట్టుకుంటూ పాతవి ఎనిమిదింటిని మనకిచ్చారు. మంచి స్థితిలో ఉన్నవే. అయితే ఒక్కోదానిలో 2 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. పిల్లలు ఒక వెబ్‌సైట్ తెరిచి, పక్కనే సర్టిఫికెట్ ఫైలు తెరిచేసరికి యంత్రం బిగుసుకుపోయేది. స్కాలర్‌షిప్ దరఖాస్తు సగంలో ఉండగా సమయం మించిపోయి, మళ్లీ మొదటి నుంచి నింపుకోవలసి వచ్చేది. నేడు చాలా ప్రవేశ పరీక్షలు కూడా కంప్యూటర్ ముందు కూర్చునే రాయాలి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు సాధన చేసే చోటు ఈ గది ఒక్కటే.

మేం ర్యామ్ కావాలని కోరాం. ఏ రకమో, ఏ బోర్డుకో రాయలేదు. ఆ పెద్దాయన పెద్ద మనసుతో ఎనిమిది కొత్త డీడీఆర్3 స్టిక్‌లు, ఒక్కోటి 4 జీబీవి, కొని పంపించారు. ఒక ఆదివారం మా దగ్గర చదువుకుని కాలేజీకి వెళ్లిన కుర్రాడొకడు సాయానికి వచ్చాడు. క్యాబినెట్ తెరిస్తే ప్రతి బోర్డు మీదా నాలుగు స్లాట్లు కనిపించాయి. రెండింటిలో పాత ర్యామ్ ఉంది, రెండు ఖాళీ. కొత్త స్టిక్ ఆ ఖాళీ స్లాట్‌లో చక్కగా కూర్చుంది. రెండూ నాలుగూ కలిపితే ఆరు జీబీ అనుకుని మేం కూడా సంతోషించాం. ఎనిమిదింటికీ అలాగే బిగించి, మూతలు మూసి, అప్పుడు స్విచ్ వేశాం. ఒక్కదానిలో కూడా బొమ్మ రాలేదు.

మర్నాడు వచ్చిన మెకానిక్ పాత ర్యామ్ అంతా తీసి సంచిలో వేసుకుని, కొత్తది మాత్రం ఉంచి చూశాడు. అప్పుడూ తెర వెలగలేదు. "బోర్డులు పోయినట్టున్నాయి" అన్నాడు. ఆ మాట విని మేం చేతులు ముడుచుకుని కూర్చున్నాం. తీరా బోర్డు మాన్యువల్ సంపాదించి చదివితే, బోర్డులు బాగానే ఉన్నాయనీ, తప్పు మా తెలివిలోనే ఉందనీ తేలింది. అప్పటికి రెండు వారాలు గడిచాయి.

ఆ రెండు వారాల్లోనే ఒక స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చాలామంది పిల్లలు బయట ఇంటర్నెట్ సెంటర్‌లో డబ్బు కట్టి దరఖాస్తులు నింపుకున్నారు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి రెండు సాయంత్రాలు వచ్చి, తెరలు నల్లగా ఉండటం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. బయట కట్టడానికి తన దగ్గర డబ్బు లేదని మాతో చెప్పలేదు. దరఖాస్తు వెళ్లలేదన్న సంగతి నెల తర్వాత గానీ మాకు తెలియలేదు. ఆ ఏటి ఫీజు సొసైటీ నుంచి కట్టించాం. కానీ ఆమెకు రావలసిన స్కాలర్‌షిప్ మాత్రం పోయింది. ర్యామ్ గురించి వార్షిక సంచికలో ఇన్ని పేజీలు రాయడానికి కారణం అదే.

ర్యామ్ చేసే పని

పెళ్లి విందును తలచుకోండి. వెనకాల వంటశాలలో దేగ్‌ల నిండా బిర్యానీ ఉంటుంది. కానీ ఒకేసారి ఎంతమంది తినగలరన్నది పరిచిన దస్తర్‌ఖాన్ పొడవును బట్టి ఉంటుంది. అది చిన్నదైతే వంట ఎంత ఉన్నా జనం బంతులు బంతులుగా వేచి ఉండాల్సిందే. కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ వంటశాల అయితే ర్యామ్ దస్తర్‌ఖాన్. తెరిచిన ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వెబ్ పేజీ దాని మీదే కూర్చోవాలి. చోటు చాలనప్పుడు కంప్యూటర్ కొన్నింటిని లేపి హార్డ్ డిస్క్‌లోకి పంపి, అవసరమైనప్పుడు మళ్లీ పిలుస్తుంది. మనకు కనిపించే ఆలస్యంలో చాలా భాగం ఈ లేపడం, కూర్చోబెట్టడం వల్లనే. కాబట్టి పాత యంత్రానికి ర్యామ్ పెంచడం మంచి సాయమే. రకం సరిపోవాలి, అంతే.

రకాలు ఎన్ని

డెస్క్‌టాప్ కంప్యూటర్లలో పెట్టే ర్యామ్ స్టిక్‌లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. పొడవు కూడా దాదాపు 13 సెంటీమీటర్లే. కానీ తరాలు వేరు. వీటికి కొలతలు నిర్ణయించే సంస్థ పేరు జెడెక్. డీడీఆర్ ప్రమాణం 2000లో, డీడీఆర్2 2003లో, డీడీఆర్3 2007లో, డీడీఆర్4 2012లో, డీడీఆర్5 2020లో వెలువడ్డాయి. డీడీఆర్ కంటే ముందు వాడినదాన్ని ఎస్‌డీర్యామ్ అనేవారు.

తరం మారినప్పుడల్లా కరెంటు అవసరం తగ్గుతూ వచ్చింది. ఎస్‌డీర్యామ్‌కు 3.3 వోల్టులు కావాలి. డీడీఆర్‌కు 2.5, డీడీఆర్2కు 1.8, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1 వోల్టులు చాలు. కింది అంచున బంగారు రంగులో మెరిసే పిన్నుల లెక్క కూడా మారింది: ఎస్‌డీర్యామ్‌కు 168, డీడీఆర్‌కు 184, డీడీఆర్2, డీడీఆర్3లకు 240, డీడీఆర్4, డీడీఆర్5లకు 288.

డీడీఆర్2కూ డీడీఆర్3కీ పిన్నుల సంఖ్య ఒకటేనని గమనించారా? మరి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దూరకుండా ఆపేది ఏమిటి? స్టిక్ కింది అంచులో ఒక చిన్న గాడి ఉంటుంది. ఒక్కో వైపున్న 120 పిన్నులను ఆ గాడి రెండు భాగాలు చేస్తుంది. డీడీఆర్2లో 64, 56గా విడదీస్తే, డీడీఆర్3లో 48, 72గా విడదీస్తుంది. అంటే డీడీఆర్2 గాడి ఇంచుమించు మధ్యలో ఉంటుంది, డీడీఆర్3 గాడి బాగా పక్కకు జరిగి ఉంటుంది. రెండు స్టిక్‌లను పక్కపక్కన పెడితే మూడో తరగతి పిల్లవాడైనా తేడా చెప్పేస్తాడు. స్లాట్ లోపల ఆ గాడికి సరిపోయే చోట ఒక చిన్న అడ్డుకట్ట ఉంటుంది. గాడి, అడ్డుకట్ట కలవకపోతే స్టిక్ దిగదు. దిగనిదాన్ని బలవంతంగా నొక్కకూడదు.

రెండు రకాలకూ చోటున్న బోర్డులు

కొత్త తరం ర్యామ్ బజారులోకి వచ్చిన మొదట్లో ధర ఎక్కువగా ఉంటుంది. చేతిలో పాత ర్యామ్ ఉన్నవాళ్లు దాన్ని పారేయడానికి ఇష్టపడరు. అలాంటివారి కోసం తయారీదారులు రెండు రకాల స్లాట్లూ ఉన్న బోర్డులు తెచ్చారు. వీటినే కాంబో బోర్డులంటారు. ఈసీఎస్ సంస్థవారి కే7ఎస్5ఏ బోర్డులో రెండు ఎస్‌డీర్యామ్ స్లాట్లు, రెండు డీడీఆర్ స్లాట్లు ఉండేవి. తర్వాత యాస్‌రాక్ సంస్థవారి 775డ్యూయల్-వీఎస్‌టీఏ బోర్డు డీడీఆర్‌కూ డీడీఆర్2కూ చోటిచ్చింది. ఆ తర్వాత ఇంటెల్ జీ41 చిప్‌సెట్‌తో డీడీఆర్2, డీడీఆర్3 రెండూ పట్టే బోర్డులు వచ్చాయి. గిగాబైట్ సంస్థవారి జీఏ-జీ41ఎం-కాంబో అలాంటిదే. కోర్ 2 డ్యూయో ప్రాసెసర్ల కాలంలో ఆఫీసుల్లో ఈ జీ41 రకం బోర్డులు విరివిగా వాడారు. ఆ ఆఫీసులు యంత్రాలు మార్చుకున్నప్పుడు పాతవి మనలాంటి సంస్థలకు చేరుతుంటాయి. మన ఎనిమిదీ జీ41 బోర్డులే.

ఇక్కడే అందరూ పొరబడతారు, మేమూ పొరబడ్డాం. నాలుగు స్లాట్లు కనిపిస్తే నాలుగూ నింపవచ్చనుకుంటాం. కాంబో బోర్డు ఇచ్చే వెసులుబాటు ఎంచుకోవడానికి మాత్రమే. ఈ రకమైనా పెట్టుకోండి, ఆ రకమైనా పెట్టుకోండి, రెండూ ఒకేసారి మాత్రం వద్దు అని మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది.

ఎందుకు వద్దు? ఉర్దూ, తెలుగు రెండూ బాగా వచ్చిన ఉపాధ్యాయుణ్ణి ఊహించుకోండి. ఉర్దూ మీడియం తరగతికి వెళితే ఉర్దూలో చెబుతాడు, తెలుగు మీడియం తరగతికి వెళితే తెలుగులో చెబుతాడు. అంతమాత్రాన రెండు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకే పీరియడ్‌లో, ఒకే వాక్యం రెండు భాషల్లో చెప్పమంటే ఎలా? బోర్డు మీద ర్యామ్‌తో మాట్లాడే భాగాన్ని మెమరీ కంట్రోలర్ అంటారు. దానికి డీడీఆర్2 భాష వచ్చు, డీడీఆర్3 భాషా వచ్చు. కంప్యూటర్ మొదలైన క్షణంలో ఏ ర్యామ్ ఉందో చూసుకుని ఒక భాష ఎంచుకుంటుంది. ఆ తర్వాత యంత్రం ఆపేవరకూ అదే భాష.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. స్లాట్లు వేరైనా వాటికి విద్యుత్తు ఇచ్చే ఏర్పాటు ఉమ్మడిది. డీడీఆర్2 కోసం 1.8 వోల్టులు పంపితే 1.5 వోల్టుల డీడీఆర్3కి ఎక్కువవుతుంది. 1.5 పంపితే డీడీఆర్2కు చాలదు. అందుకే రెండూ కలిపి పెడితే చాలాసార్లు తెర వెలగదు. ఒక్కోసారి ర్యామ్ గానీ బోర్డు గానీ పాడయ్యే ప్రమాదమూ ఉంది. మాకు ఏదీ పాడవలేదు, అల్లా దయ. కొన్ని పాత కాంబో బోర్డుల మీద ర్యామ్ రకాన్ని బట్టి మార్చవలసిన జంపర్లు కూడా ఉంటాయి. మాన్యువల్ చూడకుండా వాటి జోలికి పోరాదు.

రకం కుదిరినా ఎందుకు పనిచేయలేదు

మెకానిక్ పాత ర్యామ్ తీసేశాక కొత్త డీడీఆర్3 ఒక్కటే మిగిలింది. రకం సరైనదే, స్లాట్ సరైనదే. అయినా పనిచేయలేదు. మమ్మల్ని ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది ఇదే.

నల్లబల్ల మీద లెక్క వేసినట్టు చూద్దాం. 4 జీబీ అంటే 32 గిగాబిట్లు. ఒక బైటుకు 8 బిట్లు గనక, నాలుగెనిమిదులు ముప్పై రెండు. ఈ 32ను రెండు విధాలుగా అమర్చవచ్చు. ఒక్కోటి 2 గిగాబిట్ల చిప్‌లు పదహారు పెట్టవచ్చు, లేదా ఒక్కోటి 4 గిగాబిట్ల చిప్‌లు ఎనిమిది పెట్టవచ్చు. మొదటి రకంలో స్టిక్‌కు రెండు వైపులా ఎనిమిదేసి నల్ల చిప్‌లు కనిపిస్తాయి. రెండో రకంలో సాధారణంగా ఒకవైపే ఎనిమిది ఉంటాయి, వెనక ఖాళీ.

జీ41 చిప్‌సెట్ తయారైన నాటికి 2 గిగాబిట్ల చిప్‌లే పెద్దవి. అంతకంటే పెద్దదాన్ని లెక్కపెట్టడం దానికి తెలియదు. ఇది లోపం కాదు, వయసు. వెయ్యి వరకు లెక్క నేర్చిన పిల్లవాణ్ణి లక్ష అడిగినట్టే. కాబట్టి జీ41 బోర్డుకు పదహారు చిప్‌ల 4 జీబీ స్టిక్ పనిచేస్తుంది, ఎనిమిది చిప్‌లది పనిచేయదు. తర్వాత వచ్చినవి ఎక్కువగా ఎనిమిది చిప్‌ల స్టిక్‌లే. మనకు వచ్చినవీ అవే. దాత కొన్నవి నాణ్యమైనవే, మన బోర్డుల కంటే కొత్త కాలానివి, అంతే తేడా.

బిల్లు ఉంది కాబట్టి దుకాణంవారు మార్చి ఇచ్చారు. పదహారు చిప్‌లవి పెట్టగానే మొదటి యంత్రం వెలిగింది. గదిలో ఉన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఇలాంటి మెలికలు ఇంకొన్ని ఉన్నాయి. డీడీఆర్2లో తక్కువ ధరకు "ఏఎండీకి మాత్రమే" అని అమ్మే 4 జీబీ స్టిక్‌లుంటాయి, అవి ఇంటెల్ బోర్డులకు పనికిరావు. పెద్ద సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ ఈ బోర్డులు ఒప్పుకోవు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్ స్లాట్‌కు అసలు అందదు. వేగం విషయంలో మాత్రం కాస్త సర్దుబాటు ఉంది. 1333 వేగం స్టిక్‌ను 1066 వేగం బోర్డులో పెడితే అది 1066తోనే నడుస్తుంది, ఇబ్బంది లేదు. స్టిక్ మీది లేబుల్‌పై పీసీ2 అని మొదలైతే డీడీఆర్2, పీసీ3 అని మొదలైతే డీడీఆర్3. పక్కనున్న అంకెను 8తో భాగిస్తే వేగం వస్తుంది: పీసీ2-6400 అంటే 800, పీసీ3-12800 అంటే 1600.

బిగించే పద్ధతి

ఇప్పుడు మా గదిలో పాటిస్తున్న క్రమం ఇది. ఇంట్లో చేసుకునేవారికి కూడా పనికొస్తుంది.

మొదట కంప్యూటర్ ఆపి, ప్లగ్ పూర్తిగా ఊడదీయాలి. ప్లగ్ ఉంటే యంత్రం ఆపినా బోర్డులో కొద్దిగా కరెంటు ఉంటుంది. ప్లగ్ తీశాక పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు కూడా పోతుంది. క్యాబినెట్‌ను బల్ల మీద పడుకోబెట్టి మూత తీయాలి. పని మొదలుపెట్టే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకాలి. పొడి వాతావరణంలో, ముఖ్యంగా సింథటిక్ బట్టలు వేసుకున్నప్పుడు, మన ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు చిప్‌లను దెబ్బతీయగలదు.

తర్వాత బోర్డు మీద అచ్చువేసిన మోడల్ నంబరు రాసుకోవాలి. స్లాట్ల పక్కన డీడీఆర్2, డీడీఆర్3 అని అచ్చువేసి ఉంటుంది, రంగులు కూడా వేరుగా ఉంటాయి. ఏ రకం పెట్టాలో నిర్ణయించుకుని రెండో రకాన్ని పూర్తిగా తీసేయాలి. "ఒక్కటి ఉంటే ఏమవుతుందిలే" అనుకోకూడదు.

స్టిక్‌ను అంచులు పట్టుకుని ఎత్తాలి, బంగారు పిన్నులను వేళ్లతో ముట్టకూడదు. పాత స్టిక్ అయితే పిన్నుల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి పూర్తిగా తుడిచేయాలి. స్లాట్ చివరలనున్న తెల్ల క్లిప్పులు బయటికి వంచి, గాడిని అడ్డుకట్టతో సరిచూసి, స్టిక్‌ను నిటారుగా ఉంచి, రెండు చివరలా బొటనవేళ్లతో సమానంగా నొక్కాలి. క్లిప్పులు వాటంతటవే మూసుకుని "టక్" మంటే కూర్చున్నట్టు. ఒకవైపు మాత్రమే దిగితే తీసి మళ్లీ పెట్టాలి.

ఒకే రకం స్లాట్లు రెండున్నప్పుడు ఒకే పరిమాణం గల జత పెడితే రెండు దారుల్లో ఒకేసారి సమాచారం నడిచి వేగం కొంత పెరుగుతుంది. దీన్ని డ్యూయల్ ఛానెల్ అంటారు. జీ41కు మొత్తం 8 జీబీ పరిమితి, అంటే ఒక్కో స్లాట్‌కు 4 జీబీ.

మూత మూయకుండానే ప్లగ్ పెట్టి చూడాలి. తెర వెలగక, ఆగకుండా బీప్ శబ్దం వస్తే చాలా బోర్డుల్లో అది ర్యామ్ ఫిర్యాదే. ప్లగ్ తీసి, స్టిక్ తీసి మళ్లీ కూర్చోబెట్టాలి, ఆపై రెండో స్లాట్‌లో చూడాలి. అప్పటికీ రాకపోతే పాత ర్యామ్ ఒక్కటే పెట్టి చూడాలి. దానితో వెలిగితే బోర్డు బాగున్నట్టే. ఆనాడు మేం ఈ ఒక్క పని చేసి ఉంటే రెండు వారాలు పోయేవి కావు. పాత ర్యామ్ మెకానిక్ సంచిలో ఉండిపోయింది, తెప్పించుకోవాలని మాకు తోచలేదు.

తెర వెలిగాక బయాస్‌లో ర్యామ్ మొత్తం సరిగా చూపుతోందో లేదో చూడాలి. ఎక్కువ పెట్టినా మూడు జీబీ పైచిలుకే వాడుకుంటోందంటే అందులో ఉన్నది 32 బిట్ల విండోస్ అయి ఉంటుంది. 64 బిట్లది వేసుకోవాలి. చివరగా విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ గానీ మెమ్‌టెస్ట్86 గానీ నడిపి ర్యామ్‌లో తప్పులున్నాయేమో పరీక్షించాలి. ఇవి ఉచితమే.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం: ముందు ఒక్క యంత్రంలో పెట్టి, ఒక రోజు వాడి చూసి, ఆ తర్వాతే మిగిలినవి ముట్టుకోవాలి.

దాతలకు మా మనవి

మీరిచ్చే వస్తువు మా దగ్గర అమానత్. అది పిల్లలకు ఉపయోగపడేలా చూడటం మా బాధ్యత. అందుకు ముందుగా మేం మార్చుకున్నవి చెబుతాం. ఇప్పుడు ప్రతి కంప్యూటర్‌కూ స్టాక్ రిజిస్టర్‌లో ఒక పేజీ ఉంది. బోర్డు మోడల్, ర్యామ్ రకం, ఏ స్లాట్‌లో ఎంత, ఇంకా ఎంత పెట్టవచ్చు అన్నీ అందులో రాసి ఉన్నాయి. మేం ఏదైనా కోరినప్పుడు ఆ పేజీ నకలు జతచేస్తాం. "ర్యామ్ కావాలి" అని మాత్రమే రాసి ఊరుకోం. స్కాలర్‌షిప్ గడువుకు నెల రోజుల ముందు నుంచి ఏ క్యాబినెట్ మూతా తీయం.

మీ నుంచి కోరేది కొంచెమే. కొనేముందు ఆ నకలు దుకాణంవారికి చూపించండి. పని చేయకపోతే మారుస్తారా అని అడిగి, బిల్లు వస్తువుతోపాటు పంపండి. పాత కంప్యూటర్ ఇస్తున్నవారు సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే మూత తీయకుండానే బోర్డు పేరు, ర్యామ్ రకం తెలుస్తాయి. ఆ తెర ఫొటో తీసి పంపితే చాలు. పాత డీడీఆర్2 స్టిక్‌లు ఇంట్లో పడి ఉంటే పారేయకండి. డీడీఆర్2 మాత్రమే పట్టే యంత్రాలు ఇంకా ఉన్నాయి.

కొత్త కంప్యూటర్ ఇవ్వదలచినవారికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. 2021 చివర్లో వచ్చిన ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు, ఆ తర్వాతి 13, 14వ తరాలవి డీడీఆర్4నూ డీడీఆర్5నూ నడపగలవు. కానీ బోర్డులు మాత్రం చాలావరకు ఏదో ఒక రకం స్లాట్లతోనే వస్తాయి. ఒకే పేరున్న బోర్డు రెండు రకాలుగా దొరుకుతుంది. డీడీఆర్4దానికి పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉంటుంది. ఆ చిన్న ముక్క చూసుకోకపోతే మా కథే పునరావృతమవుతుంది.

ఇంకొక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ పాత యంత్రాలకు ఒక హద్దుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కోర్ 2 డ్యూయో యంత్రాలకు విండోస్ 11 అర్హత లేదు. అందుకే వీటిలో ఉచితంగా దొరికే లినక్స్ వేసి నడుపుతున్నాం. దరఖాస్తులకు, సాధన పరీక్షలకు, టైపింగ్‌కు ఇవి బాగానే సరిపోతున్నాయి. కానీ వీటిపై ఇక పెద్ద ఖర్చు పెట్టవద్దని మేమే కమిటీకి రాసిచ్చాం. పాడైతే బాగుచేస్తాం. అంతకు మించిన సొమ్ము ఏదైనా వస్తే కొత్త యంత్రాల కోసం దాచుతాం. అలా చెప్పడం కూడా అమానత్‌లో భాగమేనని మా నమ్మకం.

ఈ వ్యాసం రాస్తున్న నాటికి ఎనిమిది కంప్యూటర్లూ నడుస్తున్నాయి. నాడు నల్ల తెరలు చూసి వెనుదిరిగిన ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. ఈ ఏడు ఆమె దరఖాస్తు గడువుకు తొమ్మిది రోజుల ముందే వెళ్లింది. మూడో నంబరు యంత్రం మీద తనే నింపుకుంది, మేం పక్కన కూర్చుని చూశాం, అంతే.

ర్యామ్ పంపిన ఆ పెద్దాయనకు ఆనాడు ఇవ్వలేకపోయిన జవాబు ఇదే.